కాళ్లు కూర్చోనివ్వడం లేదు: మానసిక లక్షణాలకు మనం వాడే మాటలు

అందరికీ నమస్కారం.

ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక కుర్రాడి కేస్ షీటులో నేను రాసిన వాక్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. "పేషెంటు అశాంతిగా ఉన్నాడు. వార్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చెప్పినా వినడం లేదు." అది చదివి జబ్బు ముదిరిందనుకున్నారు, మందు డోసు పెంచారు. అతను ఇంకా ఎక్కువ తిరగసాగాడు. మూడో రోజు ఒక పెద్ద నర్సు అతనితో పాటే నాలుగడుగులు వేస్తూ, "కాసేపు కూర్చోవచ్చు కదా నాయనా" అంది. "కూర్చోవాలనే ఉందమ్మా. కాళ్లు కూర్చోనివ్వడం లేదు" అన్నాడతను.

దాని పేరు అకథీసియా. సైకోసిస్‌కి, అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితికి, ఇచ్చే మందుల వల్ల కొందరిలో వచ్చే దుష్ప్రభావం. లోపల ఓర్చుకోలేనంత కదలాలనే తపన ఉంటుంది, బయటికి మాత్రం ఆగని నడక కనిపిస్తుంది. అప్పుడు డోసు తగ్గించాలి, లేదా మందు మార్చాలి, లేదా ప్రొప్రనలాల్ లాంటి మందు తోడివ్వాలి. మేం సరిగ్గా తిరగేసి చేశాం. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు, అతను తిరుగుతున్నమాట నిజమే. కానీ చూసి రాశానే తప్ప అతన్ని అడగలేదు. పైగా "చెప్పినా వినడం లేదు" అంటూ నా తీర్పు కూడా అందులో కలిపేశాను. అతను పడ్డ బాధలో ఆ ముక్కకీ వాటా ఉంది. అందుకే ఈ పదాల పాఠం ఎక్కడ చెప్పాల్సి వచ్చినా అతనితోనే మొదలుపెడతాను.

మనిషి తన లోపల అనుభవించి మనకు చెప్పుకునేది లక్షణం. పక్కవాళ్ల కంటికీ చెవికీ దొరికేది చిహ్నం. మామూలు మాటల్లో రెండింటినీ "లక్షణాలు" అనేస్తాం, తప్పేం లేదు. రాసేటప్పుడు మాత్రం విడదీయాలి. "బతకాలనిపించడం లేదు" అన్నది లక్షణం. ప్రశ్నకూ జవాబుకూ మధ్య పెరిగిన ఎడం, నేల మీద నుంచి లేవని చూపు, రోజుల తరబడి మార్చని బట్టలు చిహ్నాలు. గుండెపోటుకు ఈసీజీ ఉంది, మధుమేహానికి రక్తపరీక్ష ఉంది. ఇది స్కిజోఫ్రీనియా అనో, ఇది డిప్రెషన్ అనో ఖాయం చేసే రక్తపరీక్షగానీ స్కానింగ్‌గానీ ఈనాటికీ లేదు. మనం చేయించే పరీక్షలు థైరాయిడ్ లాంటి శారీరక కారణాలేవీ లేవని తేల్చుకోవడానికే. మిగతాదంతా వినడం మీద, చూడడం మీద, విన్నదీ చూసిందీ ఎంత నిజాయితీగా మాటల్లో పెట్టామన్న దాని మీద నడుస్తుంది.

ఇంకో సంగతి. ఒక్క లక్షణం జబ్బు కాదు. డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, కనీసం రెండు వారాలు ఉండాలని అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ చెబుతుంది. ఆ ఐదింట్లో దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పనిసరి. నిన్న మనసు బాగాలేదు కాబట్టి నాకు డిప్రెషన్ అనుకోవడం ఎంత పొరపాటో, ఆరు నెలలుగా మంచం దిగని మనిషిని "బద్ధకం" అని కొట్టిపారేయడం అంతకన్నా పెద్ద పొరపాటు.

1913లో కార్ల్ యాస్పర్స్ అనే జర్మన్ వైద్యుడు, అప్పటికి ముప్పై ఏళ్లవాడు, మానసిక లక్షణాల మీద ఒక పెద్ద గ్రంథం తెచ్చాడు. తర్వాత తత్త్వవేత్తగా ప్రసిద్ధి పొందినది ఈయనే. ఏ అనుభవాన్నయినా రూపం వేరు, విషయం వేరు చేసి చూడమన్నాడు. ఒకతనికి ఎవరూ లేనప్పుడు పొరుగువాళ్లు తిడుతున్నట్టు వినిపిస్తుంది. ఇంకొకామెకు దేవుడు ఆజ్ఞాపిస్తున్నట్టు వినిపిస్తుంది. విషయాలు వేరైనా రూపం ఒకటే: మాట్లాడే మనిషి లేకుండా వినిపించే గొంతు. ఇంట్లోవాళ్లు విషయం పట్టుకుని "వాళ్లు నిన్నేమీ అనలేదురా" అని గంటలు గంటలు వాదిస్తారు. రోగనిర్ధారణకు ఎక్కువగా పనికొచ్చేది రూపం. అలాగని విషయాన్ని వదిలేయకండి, ఆ మనిషి భయాలూ బతుకూ ఉండేది అందులోనే. ఆప్తులు పోయిన తొలి రోజుల్లో వాళ్ల గొంతు వినిపించినట్టవడం చాలామందికి జరుగుతుంది, అది జబ్బు కాదు. నిద్రలోకి జారుతున్నప్పుడో, మెలకువ వస్తున్నప్పుడో ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు అనిపించడం కూడా అంతే.

ఇక భ్రమ, భ్రాంతి అనే రెండు మాటలు. మన భాషలో ఇవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, పుస్తకానికో రకంగా వాడతారు. అందుకే మీకు ఏ పదం నచ్చినా సరే, ముందు మూడు వేర్వేరు సంగతులు మనసులో విడివిడిగా పెట్టుకోండి. మసక చీకట్లో తాడును చూసి పామనుకోవడం మొదటిది. అక్కడ ఒక వస్తువు ఉంది, కన్ను దాన్ని తప్పుగా చదివింది. దీన్ని ఇల్యూజన్ అంటారు. తాడూ లేదు, ఏమీ లేదు, ఖాళీ నేల మీద పాము కనిపించింది. ఇది హాలూసినేషన్. ఈ రెండింటినీ గీత గీసి వేరు చేసినవాడు 19వ శతాబ్దపు తొలి భాగంలో ఫ్రాన్సులో పనిచేసిన ఎస్కిరోల్ అనే మానసిక వైద్యుడు. మూడోదానికి కంటితో పనే లేదు. "నన్ను చంపడానికి ఎవరో పాములు పంపిస్తున్నారు" అని నమ్మడం, ఎన్ని రుజువులు చూపించినా ఆ నమ్మకం సడలకపోవడం, అతను పుట్టి పెరిగిన సమాజంలో అది అందరూ నమ్మేది కాకపోవడం. దీన్ని డెల్యూజన్ అంటారు. మొదటి రెండూ గ్రహింపులో వచ్చే తేడాలు, మూడోది నమ్మకంలో వచ్చేది.

డెల్యూజన్ అంటే అబద్ధపు నమ్మకం అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. అది చాలదు. భార్యను అనుమానించే భర్త విషయం తీసుకోండి. అతని అనుమానం కాకతాళీయంగా నిజమే కావచ్చు. అయినా "కర్టెను కొస మడత పడి ఉంది, దాంతో నాకు తేలిపోయింది" అంటే, ఆ నమ్మకానికి చేరిన దారే జబ్బు చెబుతోంది. మీరు డిటెక్టివులు కారు, నిజమా కాదా అని తేల్చే పని మీది కాదు. "మీకు అలా ఎందుకనిపించింది? మొదట ఎప్పుడు తెలిసింది? పొరబడి ఉంటానేమో అని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడగండి. ఆ మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి జాగ్రత్తగా వినండి, దీని దగ్గర జరిగే పొరపాటుకు ప్రాణాలు మూల్యమవుతాయి. బిడ్డను కన్న కొత్తలో ఒక తల్లి వచ్చి, వణుకుతూ, "చాకు చూస్తే చాలు, బిడ్డకేదో చేసేస్తానేమో అన్న ఆలోచన వస్తోంది. నేను తల్లినేనా?" అంటుంది. ఆ ఆలోచన తనదేనని ఆమెకు తెలుసు. అది ఆమెకు అసహ్యం. తరిమేయాలని చూస్తుంది, చాకులన్నీ దాచేస్తుంది. ఇది అబ్సెషన్, వద్దన్నా పదే పదే వచ్చే ఆలోచన. అలాంటి తల్లి బిడ్డకు హాని చెయ్యడం అత్యంత అరుదు. ఆమెను బిడ్డ నుంచి విడదీస్తే ఆమె భయాన్ని మనమే నిజం చేసినట్టవుతుంది. మరొక తల్లి నెమ్మదిగా, భయమేమీ లేకుండా, "ఇది నా బిడ్డ కాదు. దీనిలో ఏదో దుష్టశక్తి దూరింది" అంటుంది. లేదా "ఈ ఆలోచన నాది కాదు, ఎవరో నా బుర్రలో పెట్టారు" అంటుంది. ఇది సైకోసిస్. ఇక్కడ గంట కూడా ఆలస్యం చెయ్యకూడదు, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇద్దరి గురించీ "బిడ్డకు హాని చేసే ఆలోచనలున్నాయి" అని ఒకే వాక్యం రాసేస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఆలోచనలను ఎవరో బుర్రలో పెట్టడం, లాగేసుకోవడం, తన ఆలోచనలు లోకానికంతా వినిపించడం, తనను గురించి ఇద్దరు మాట్లాడుకునే గొంతులు. ఇలాంటివాటిని 1939లో కర్ట్ ష్నైడర్ అనే జర్మన్ మానసిక వైద్యుడు స్కిజోఫ్రీనియాకు ప్రథమ శ్రేణి లక్షణాలన్నాడు. చాలాకాలం ఇవి కనబడితే చాలు, స్కిజోఫ్రీనియా ఖాయమనుకున్నారు. ఇతర జబ్బుల్లోనూ ఇవి కనిపిస్తాయని తర్వాత తెలిసింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే ఇందాక చెప్పిన అమెరికన్ వర్గీకరణ ఐదో కూర్పు, వీటికిచ్చిన ప్రత్యేక హోదా తీసేసింది. పదం మాత్రం చదువుల పరీక్షా పత్రాల్లో ఇంకా బతికే ఉంది.

మాట తీరు గురించి. అడిగినదానికి జవాబు చివరికి చెబుతాడు గానీ, ఊరంతా తిరిగొచ్చి చెబుతాడు, అది డొంకతిరుగుడు. జవాబు దగ్గరకే రాకుండా పక్కదారి పట్టిపోతే దాని పేరు వేరు, టాంజెన్షియాలిటీ. ఉన్మాద దశలో, అంటే మానియాలో, మాటలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి. ఒకాయన నోట నేను విన్న తరహా మాటలివి: "నిన్న కల వచ్చింది, అల వచ్చింది, వల వేశా, తల దువ్వుకున్నా, తలరాత రాసేది నేనే, రాతంటే రాయి కాదు..." ఇక్కడ ఒక మాట నుంచి ఇంకో మాటకు వంతెన కనిపిస్తూనే ఉంది. కల, అల, వల, ప్రాస పట్టుకుని పోతున్నాడు. దీన్ని ఆలోచనల పరుగు అంటారు. స్కిజోఫ్రీనియాలో ఆ వంతెనే కనిపించకపోవచ్చు, వాక్యానికీ వాక్యానికీ మధ్య తెగిపోతుంది. ఇలాంటిచోట "అసంబద్ధంగా మాట్లాడుతున్నాడు" అని రాయకండి. అతను అన్న రెండు వాక్యాలు ఉన్నదున్నట్టు రాసి పెట్టండి. తర్వాత చదివే డాక్టరుకు అది పది విశేషణాల పెట్టు.

మనఃస్థితి అన్నది రోజుల తరబడి లోపల ఉండే రంగు, భావప్రకటన ఆ నిమిషంలో ముఖం మీదా గొంతులోనూ కనిపించేది. తమ్ముడి మరణం గురించి చెబుతూ ఒకరు నవ్వితే, ఏ కదలికా లేని ముఖంతో ఇంకొకరు చెబితే, అది రాయాల్సిన చిహ్నం. అన్‌హెడోనియా అంటే ఒకప్పుడు సంతోషాన్నిచ్చినవేవీ ఇప్పుడు ఇవ్వకపోవడం. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరు అసలు ఏడవరు, "దిగులు కూడా లేదండీ, ఏమీ లేదు" అంటారు. స్కిజోఫ్రీనియాలో "నెగటివ్ లక్షణాలు" అని వింటారు. ఇక్కడ నెగటివ్ అంటే చెడ్డవని కాదు, ఉండాల్సినవి లేకపోవడం. మాట తగ్గడం, చొరవ పోవడం, ముఖకవళికలు చదునవడం. ఇంట్లోవాళ్లను అన్నిటికన్నా అలసిపోయేలా చేసేవి ఇవే, ఎందుకంటే ఇవి జబ్బులా కాక మొండితనంలా కనబడతాయి.

కాటటోనియా గురించి క్లుప్తంగా చెబుతాను. 1874లో కాల్‌బామ్ అనే జర్మన్ మానసిక వైద్యుడు దీన్ని వర్ణించాడు. మనిషి మాట్లాడడు, తినడు, కదలడు. చెయ్యి ఎత్తి వదిలితే అలాగే గాల్లో నిలిపేస్తాడు. "సహకరించడం లేదు" అని రాయబుద్ధవుతుంది, రాయకండి. లొరజెపామ్ అనే మందుకు, కరెంటు చికిత్సకు ఇది చాలా బాగా లొంగుతుంది.

ఒక వృద్ధుడు నిన్నటిదాకా బాగానే ఉండి, రాత్రి నుంచి వేళా చోటూ మరిచి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ, మధ్యలో ఒక గంట మామూలుగా మాట్లాడి మళ్లీ తికమకపడితే, అది మానసిక వ్యాధి అనుకోకండి. డెలీరియం అయ్యుండవచ్చు. ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, మందుల ప్రభావం, మద్యం హఠాత్తుగా మానేయడం, వీటిలో ఏదైనా దాని వెనక ఉండవచ్చు. గొంతులు వినిపించడం కన్నా లేనివి కంటికి కనిపించడం ఎక్కువగా ఉంటే ముందుగా శరీరాన్ని అనుమానించాలి.

జబ్బున్నదన్న ఎరుక ఉందా లేదా అని అవును, కాదు గడుల్లో టిక్కు పెట్టిస్తుంటారు. అది అలా తేలే సంగతి కాదు. "నాకేదో తేడాగా ఉంది, కానీ అది జబ్బు కాదు" అనేవారున్నారు. "జబ్బే, కానీ మందు అక్కర్లేదు" అనేవారున్నారు. "గొంతులు జబ్బువల్లే అని తెలుసు, అయినా అవి పిలిస్తే పలక్కుండా ఉండలేను" అన్నవాళ్లనూ చూశాను. వాళ్ల మాట రాస్తే సరిపోతుంది.

చచ్చిపోవాలనిపించడం గురించి అడగడానికి చాలామంది జంకుతారు, అడిగితే ఆ ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని. అవదు. సూటిగా, మెల్లగా అడగండి. ఇక్కడా మెట్లున్నాయి: "నిద్రలోనే పోతే బాగుండు" అనుకోవడం ఒకటి, తనను తాను చంపుకోవాలన్న ఆలోచన ఇంకొకటి, ఎలా ఎప్పుడు అన్న పథకం వేరు, దానికి ఏర్పాట్లు చేసుకోవడం వేరు. ఏ మెట్టు మీద ఉన్నారో తెలిస్తేనే ఆ రాత్రి ఏం చెయ్యాలో తెలుస్తుంది. పథకం ఉందని తెలిస్తే వాళ్లను ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడే డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు అందరూ కాగితం, పెన్ను తీసుకోండి. ఒక మనిషి మాటలు రెండు నిమిషాల పాటు చదువుతాను. ఈ గంటలో విన్న పదాలేవీ రాయకండి. ఆ మనిషి ఏమన్నాడో మాత్రం అతని మాటల్లోనే రాయండి. పదాలు వెతకడం ఆ తర్వాత మొదలుపెడదాం.