ఆ ఎక్కువ బట్టను కత్తిరించకండి

శ్రోతలకు నమస్కారం.

సొంతంగా బట్టలు కుట్టుకునేవాళ్లు చాలామంది పక్క కుట్ల దాకా ధైర్యంగానే వస్తారు. చేతులు ఎక్కించే దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. ఎందుకంటే చెయ్యి పైవంపు కొలిస్తే చంక, అంటే చెయ్యి ఎక్కించే ఖాళీ, చుట్టుకొలత కంటే ఎక్కువ వస్తుంది. గౌనుకైతే 2 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. కొలత తప్పిందేమోనని ఆ ఎక్కువను కత్తిరించేస్తారు. దయచేసి కత్తిరించకండి. భుజం గుండ్రంగా ఉంటుంది కదా, దాని మీద బట్ట బిగుసుకోకుండా కూర్చోవడానికే ఆ ఎక్కువ.

ఒక నూలు గౌను సంగతే చూద్దాం. పక్క కుట్లు, చెయ్యి కింది కుట్టు అయిపోయాయి. ముందు ఏ చెయ్యి ఎటో చూసుకోండి. ముందువైపు వంపు వెనకవైపు కంటే లోతుగా ఉంటుంది. తారుమారైతే తొడుక్కున్నాక చెయ్యి మెలితిరిగినట్టు కనిపిస్తుంది. తర్వాత మిషన్ మీద కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లకు పెంచి, చెయ్యి పైవంపులో ముందు గాటు (అంచు మీద గుర్తుగా పెట్టే చిన్న కత్తిరింపు) నుంచి వెనక గాటు దాకా రెండు వరుసలు వెయ్యండి. అడుగు దారం మెల్లగా, చాలా మెల్లగా లాగండి. కుచ్చులు పడకూడదు. అంచు గిన్నెలా కాస్త లోపలికి తిరిగితే చాలు.

గౌను తిరగేసి, చెయ్యిని మంచివైపు పైకి ఉంచి చంకలోకి దూర్చండి. చెయ్యి పైవంపు నడిమి గుర్తు భుజం కుట్టుకు, చెయ్యి కింది కుట్టు పక్క కుట్టుకు, గాటు గాటుకు కలిపి గుండుసూదులు పెట్టండి. చంక కింద లూజు అసలు వద్దు. ఎక్కువంతా పైనే సర్దాలి. అదీ భుజం కుట్టు దగ్గర ఒక్కచోట పోగుపడకుండా, అటూ ఇటూ పంచాలి.

ఇక్కడ నేను పట్టుబట్టి చెప్పే మాట ఒకటుంది. మిషన్ ఎక్కించే ముందు చేత్తో కచ్చా కుట్టు వెయ్యండి. వేసి, ఒకసారి తొడుక్కుని అద్దంలో చూసుకోండి. చెయ్యి మీద ఏటవాలుగా ముడతలు కనిపిస్తే కచ్చా కుట్టు విప్పి, చెయ్యిని కొంచెం ముందుకో వెనక్కో తిప్పండి. కచ్చా కుట్టు నిమిషంలో ఊడొస్తుంది. మిషన్ కుట్టు విప్పబోతే బట్టే చిరగొచ్చు.

కుట్టేటప్పుడు చెయ్యివైపు కిందకి ఉంచండి. మిషన్ పళ్లు కింది బట్టను ముందుకు నెడుతూ ఆ ఎక్కువను కొంత వాటంతట అవే ఇముడుస్తాయి. అయ్యాక కుట్టు అంచుల్ని చెయ్యివైపుకు మళ్లించండి. పైవంపు మీద మాత్రం ఇస్త్రీపెట్టె పెట్టి అదమకండి, తెచ్చుకున్న గుండ్రదనం అణిగిపోతుంది.