ఎరుపు కింద ఏముంది?

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్న బండిని మీరు ముందే చూసేశారు కాబట్టి పెద్ద పరిచయం అక్కరలేదు. 1980ల నాటి టాటా లారీ చాసిస్ మీద కట్టిన ఫైరింజన్‌కు ఇది 24వ వంతు నమూనా. అసలు బండి 7 మీటర్ల పొడవు ఉంటే ఇది 29 సెంటీమీటర్లు. పెట్టెలో వచ్చే కిట్టు కాదు. ఒక మిల్లీమీటరు, అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీట్లు కోసి, అతికించి కట్టుకున్నది. దీన్ని కట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. రంగు వేయడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదింటిలో రెండు నెలలు వేసిన రంగు తీసేయడానికే పోయాయి. ఈ రోజు మాట్లాడేది ఆ ఐదు నెలల గురించే.

నమూనాలు చేసే మనలో ఎక్కువమంది యుద్ధ ట్యాంకుల నమూనాలు చేస్తారు. వాళ్ళంటే నాకు కొంచెం అసూయ. ఎక్కడైనా అతుకు సరిగ్గా కుదరకపోతే అక్కడ ఇంత బురద పూస్తారు, తుప్పు మరకలు పెడతారు. చూసినవాళ్ళు "ఎంత సహజంగా ఉంది!" అని మెచ్చుకుంటారు. ఫైరింజన్‌కు ఆ సౌకర్యం లేదు. మెరిసే ఎరుపు ఏ తప్పునూ దాచదు సరికదా, దీపం పెట్టి మరీ చూపిస్తుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే నౌక పేలింది. ఆ మంటలతో పోరాడుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళ జ్ఞాపకంగానే ఈ వారం. ఏటా ఈ వారంలో ఫైర్ స్టేషన్లలో బండ్లను బయట నిలబెట్టి జనానికి చూపిస్తారు. నేను టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నది అలాంటి ఒక వారంలోనే. నేను చేయి పెట్టిన చోటల్లా ఒక పెద్దాయన వెనకాలే వచ్చి గుడ్డతో తుడుస్తున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, తుడుచుకుంటూ వచ్చారంతే. ఈ నమూనా ఎలా ఉండాలో నాకు అక్కడే తెలిసింది. ఇది మురికిపట్టిన బండి కాదు. కొత్త బండి కూడా కాదు. రోజూ ఎవరో తుడిచే పాత బండి. రంగులో పట్టుకోవలసింది అదే.

ఇక పనిలోకి వద్దాం. ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే అడుగుపూత, ఎందుకు వేస్తామని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. రంగు పట్టుకోవడానికి అని చెబుతాం. అది సగం నిజం. తెల్ల ప్లాస్టిక్ మీద సందులు పూడ్చే తెల్ల లప్పం పెట్టి నున్నగా రుద్దితే అతుకు పోయిందో లేదో కంటికి ఆనదు. దాని మీద బూడిదరంగు ప్రైమరు పలచగా పడగానే ప్రతి గీతా, ప్రతి గుంటా బయటపడుతుంది. మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దుడు, మళ్ళీ ప్రైమరు. ఈ బండి క్యాబిన్ పైకప్పుకు ఇలా ఏడుసార్లు చేశాను. 400 నంబరు వాటర్ పేపరుతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, మొదలుపెట్టి ఇంకా నున్నని 1000 దాకా వెళ్ళాను, అంతా తడిపే రుద్దాను. పొడిగా రుద్దితే ప్లాస్టిక్ పొడి కాగితానికి అట్టకట్టి కొత్త గీతలు పెడుతుంది.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు తెల్లపొణికి కర్ర ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, దాని మీద సున్నం పూసి, ఆ తరువాతే రంగుల జోలికి వెళతారు. ఆ మక్కు మన లప్పం, ఆ సున్నం మన ప్రైమరు.

ఆ సున్నం తెలుపుగా ఉండడంలోనూ ఒక లాభం ఉంది. ఎరుపు చాలా పలచని స్వభావం ఉన్న రంగు. కింద ఏముందో దాన్ని దాచలేదు, తనలో కలుపుకుంటుంది. నేను మూడు ప్లాస్టిక్ చెంచాలు తీసుకుని ఒకదానికి బూడిదరంగు, ఒకదానికి తెలుపు, ఒకదానికి లేత గులాబీ అడుగుపూత వేశాను. పైన మూడింటికీ ఒకే సీసాలోని ఎరుపు కొట్టాను. బూడిదరంగు మీద అది ఎండుమిరపకాయలా నల్లబడింది. తెలుపు మీద టమాటాలా తేలిపోయింది. గులాబీ మీద మాత్రం నిండుగా, కుంకుమలా నిలిచింది. అవిగో, ఆ మూడు చెంచాలూ బండి పక్కనే పెట్టాను, తరువాత చూడండి. ఒక్క మాట: ట్యూబులైటు కింద కాదు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి అన్నిటికంటే ముందు నల్లబడేది ఎరుపే. దీన్ని గమనించి చెప్పిన చెక్ శాస్త్రవేత్త పేరుతో పుర్కిన్యే ప్రభావం అంటారు. అందుకే అమెరికాలో కొన్ని ఊళ్ళు ఫైరింజన్లకు నిమ్మపండు పసుపు వేసి చూశాయి. వాదన సరైనదే కావచ్చు గానీ, పసుపు ఫైరింజన్ చేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఎరుపుల్లోనూ తేడాలున్నాయి. మన భారతీయ ప్రమాణాల రంగుల పట్టికలో 536 ఫైర్ రెడ్, 537 సిగ్నల్ రెడ్, 538 పోస్టాఫీసు రెడ్. మూడూ పక్కపక్కనే ఉంటాయి, విడివిడిగా చూస్తే మీకూ నాకూ ఒకటే. నేను 536కు దగ్గరగా కలిపి, అందులో నాలుగు చుక్కలు తెలుపు వేశాను. చిన్న వస్తువు మీద అసలు రంగు ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది, అందుకు.

పూత మందం గురించి కూడా లెక్క వేసుకోవాలి. ఈ కొలతలో ప్రైమరూ రంగూ వార్నిషూ కలిసి ఒక మిల్లీమీటరులో పదో వంతు మందం అయిందనుకోండి. అసలు బండి మీద అది దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పూతతో సమానం. గోడకు కూడా అంత రంగు వేయరు. పావు మిల్లీమీటరు రివెట్టు తలలు ఒక్కొక్కటీ సూదితో వెనకనుంచి ఒత్తి తెచ్చుకున్నాను. రెండు లావు పూతలు పడితే అవి మునిగిపోతాయి. కాబట్టి రంగును పాలంత పలచగా కలిపి, 0.3 మిల్లీమీటర్ల ముక్కున్న ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్నుతో, గాలి ఒత్తిడి 20 పీఎస్ఐ దాటనివ్వకుండా కొట్టాను. మొదటి పూత మంచు పడ్డట్టు ఉండాలి, కింది గులాబీ కనబడుతూనే ఉండాలి. ఓపిక పట్టలేక ఒక్కసారే నింపేద్దామని చూస్తే రంగు కారుతుంది. భయపడి మరీ దూరం నుంచి కొడితే గాలిలోనే సగం ఆరి బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది. గన్ను మీట ఎప్పుడూ బండికి అవతలే నొక్కాలి, బండి దాటాకే వదలాలి. మూతికి మాస్కు, కిటికీ తెరిచి ఉంచడం మీకు చెప్పనక్కరలేదు, అయినా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ పోయిన రెండు నెలల కథ. మాది సముద్రానికి దగ్గర ఊరు. శ్రావణ మాసం, బయట ముసురు. ఆదివారం ఖాళీ దొరికింది కదా అని లాకర్, అంటే ఘాటైన థిన్నరు కలిపి కొట్టే, త్వరగా ఆరే రంగు, కొట్టాను. తడిగా ఉన్నప్పుడు అద్దంలా ఉంది. కాఫీ తాగి వచ్చేసరికి ఎరుపు మీద పాలపొంగు కట్టినట్టు తెల్లని మసక. తుడిస్తే పోలేదు. జరిగింది ఏమిటంటే, థిన్నరు వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. మంచినీళ్ళ చెంబుకు చెమట పట్టినట్టు, గాలిలోని తేమ ఆ చల్లటి పూత మీద చేరి లోపల చిక్కుకుపోతుంది. దీనికి మందు తేలికే. పొడిగా ఉన్న రోజున, నిదానంగా ఆరే థిన్నరును ఒక్క పలచని పూతగా కొడితే రంగు మళ్ళీ మెత్తబడి తేమను వదిలేస్తుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలియక మీద నిదానంగా ఆరే ఎనామెల్ రంగు పూత వేసి దాచబోయాను, అది ఆరకముందే దాని మీద మళ్ళీ లాకర్ కొట్టాను. లాకర్ ఘాటుకు ఎనామెల్ పైకి లేచి, కాగిన పాల మీద మీగడలా ముడతలు పడింది. లాకర్ మీద ఎనామెల్ వేయవచ్చు, ఎనామెల్ మీద లాకర్ వేయకూడదు. ఈ ఒక్క వాక్యం నేర్చుకోవడానికి బండినంతా ప్లాస్టిక్ కనబడేదాకా గీకాను.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఒక మంచి జరిగింది. మొదటిసారి నేను అక్షరాల సంగతి ఆలోచించలేదు. పక్కన తెల్లగా రాసి ఉన్న "అగ్నిమాపక శాఖ" చూడండి. ఈ పేరుతో స్టికర్లు ఏ దేశపు దుకాణంలోనూ దొరకవు. నీళ్ళలో నానబెట్టి అంటించే డెకాల్ కాగితం మీద మనమే ముద్రించుకుందామంటే, మామూలు ప్రింటరులో తెల్ల సిరా ఉండదు. పోనీ ఎరుపు మీద తెలుపు కొడదామంటే, ఎరుపు కిందనుంచి ఊరి తెలుపును గులాబీ చేస్తుంది. కాబట్టి వరుస తిరగేశాను. అక్షరాలు రావలసిన పట్టీ అంతా ముందే తెలుపు కొట్టాను. పలచని వినైల్ షీటు మీద అక్షరాలు కోసి ఆ తెలుపు మీద అంటించాను. మీద గులాబీ, ఆపైన ఎరుపు. ఆరాక పట్టకారుతో అక్షరాలు పీకేస్తే కింది తెలుపు బయటపడింది. మీకు కనిపిస్తున్న ఆ అక్షరాలు ఈ బండి మీద అన్నిటికంటే పాత రంగు.

చెప్పినంత సులువుగా ఏమీ జరగలేదు. అక్షరం ఎత్తు 6 మిల్లీమీటర్లు. "గ్ని" కింద ఉన్న న వత్తు 2 మిల్లీమీటర్లు కూడా లేదు. ఇంగ్లిషు అక్షరాలైతే స్కేలు పెట్టి కోయవచ్చు. మనవన్నీ వంపులే. కత్తిని కదపకుండా కింద షీటును తిప్పుకుంటూ కోయాలి. "ప" మీద తలకట్టు అక్షరానికి అంటకుండా విడిగా ఉంటుంది కదా, ఆ ముక్క నా వేలికి అతుక్కుని పోయింది. అరగంట నేలంతా వెతికి, చివరికి గోరు కింద కనుగొన్నాను. అక్షరాలు అంటించాక వాటి అంచుల మీదుగా ముందు మళ్ళీ ఒకసారి తెలుపే కొట్టాను. వినైల్ అంచు కింద సందుంటే అందులోకి తెలుపు పోయి పూడుకుంటుంది, ఆ తరువాత ఎరుపుకు దారి ఉండదు. అద్దాల చుట్టూ, బంపరు దగ్గరా ఇదే కిటుకు పనికొస్తుంది.

బండి మీద మోగించే గంటకు మాత్రం రంగు వేయలేదు. అది మా అక్క పాత బుట్టకమ్మ. రోల్డ్ గోల్డ్ పూత పోయి లోపలి ఇత్తడి బయటపడితే పక్కన పడేసింది. బుట్ట సరిగ్గా ఒక సెంటీమీటరు, అంటే అసలు కొలతలో 24 సెంటీమీటర్ల గంట. చింతపండుతో తోమి పెట్టాను. ఏ బంగారు రంగు సీసా ఆ మెరుపు ఇవ్వదు. రెండో బుట్ట ఎక్కడని అక్క ఇప్పటికీ అడుగుతూనే ఉంది. పాడైతే మార్చడానికి దాచుకున్నానని చెప్పలేదు.

పైన వార్నిషు రెండు పూతలు వేసి, వారం ఆగి, 2000 నంబరు కాగితంతో తడిపి రుద్ది, పాలిష్ పేస్టు పెట్టాను. అంచుల దగ్గర మాత్రం రుద్దలేదు. అక్కడ రంగు పలచగా ఉంటుంది, రెండు రుద్దులకే గులాబీ బయటపడుతుంది. బండి అంతా ఒకే మెరుపు ఉంటే ఆటబొమ్మ అయిపోతుంది. క్యాబిన్ మెరవాలి, చాసిస్ మెరవకూడదు, టైరు నల్లగా కాక ముదురు బూడిదరంగులో ఉండాలి. సందుల్లోకి నలుపు బదులు ముదురు గోధుమరంగు దించాను. ఎరుపు పక్కన నలుపు గీత పెడితే కార్టూను బొమ్మలా ఉంటుంది. అరుగుదల మూడు చోట్లే చూపించాను: కాళ్ళు పెట్టి ఎక్కే మెట్టు అంచున, పట్టుకునే కడ్డీ మధ్యలో, పంపు మీటల దగ్గర. అక్కడ వెండిరంగు పెన్సిలు ముక్కుతో తాకించాను. ఇంకెక్కడా బురద లేదు, తుప్పు లేదు. ఆ పెద్దాయన ఉండనిచ్చేవారు కాదు.

దగ్గరికి వచ్చి చూడండి. ఎడమవైపు తలుపు కింద కొంచెం బత్తాయి తొక్క మిగిలిపోయింది, నాకు తెలుసు. ఎత్తి చూడాలనుకునేవాళ్ళు కింద చాసిస్ పట్టుకుని ఎత్తండి. ఎరుపు మీద చేయి పడితే ఫరవాలేదు, గుడ్డ నా దగ్గర ఉంది.