తూకానికి వేసేముందు రెండు పేజీలు తిప్పండి

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు సర్దినప్పుడో, ఊరు మారినప్పుడో పాత పుస్తకాలు మూట కట్టి పాత పేపర్ల కొట్టుకు వేసేస్తుంటాం. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఇదే పద్ధతి. అలా వేసేముందు ఒక్క పని చేయమని అడగడానికే ఈ పూట మాట్లాడుతున్నాను. మూటలో నవలలుంటే ఒక్కోదానికి మొదటి రెండు మూడు పేజీలు తిప్పి చూడండి. అది ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు వేశారు, రచయిత సంతకం ఏమైనా ఉందా?

నవలను తక్కువ ప్రతులు అచ్చు వేసి, సంతకం చేయించి, నంబరు వేసి, 'లిమిటెడ్ ఎడిషన్' అని పేరు పెట్టి అమ్మడం ఇంగ్లిషు పుస్తకాల లోకంలో పాత సంగతే. జేమ్స్ జాయిస్ 'యులిసీస్' 1922లో పారిస్‌లో వచ్చినప్పుడు వేసింది వెయ్యి ప్రతులు. వాటిలో మొదటి వంద మేలురకం చేతి కాగితం మీద, జాయిస్ సంతకంతో వచ్చాయి. 1953లో రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451'ది ఇంకా విచిత్రం. పుస్తకాలు తగలబెట్టే ప్రభుత్వం గురించిన నవల కదా, అందుకని 200 ప్రతులకు నిప్పంటుకోని ఆస్‌బెస్టాస్ అట్ట వేశారు. అన్నిటి మీదా నంబరు, రచయిత సంతకం. ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటని తెలిసిన ఈ రోజుల్లో ఆ అట్ట ముట్టుకోవడానికే టెన్షన్ పడతాం!

రాను రాను అది ఒక తంతు అయిపోయింది. ఖాళీ కాగితాల కట్ట రచయిత ఇంటికి పంపుతారు. ఆయన కూర్చుని సంతకాలు పెట్టి తిరిగి పంపిస్తే, వాటిని పుస్తకాల్లో అతికిస్తారు. ఆ పుస్తకం రచయిత చేతిలోకి రానేరాదు. దానికీ వేలకు వేలు పోసేవాళ్లున్నారు. నాకు మాత్రం అది రుచించదు.

మన దగ్గర ప్రతి మీద నంబరు వేసే అలవాటు పెద్దగా లేదు. కానీ పాత తెలుగు నవల తెరవగానే ఒక పేజీలో 'ప్రథమ ముద్రణ' అని, నెల, సంవత్సరం, కింద 'ప్రతులు: 1000' అని చాలాసార్లు కనిపిస్తుంది. ఎన్ని వేశారో పుస్తకమే చెబుతుంది. వాటిలో అద్దె లైబ్రరీల పాలైనవి కొన్ని, చెదలు తిన్నవి కొన్ని, తూకానికి పోయినవి కొన్ని. రచయిత సంతకంతో మిగిలినవి ఇంకెన్ని ఉంటాయి? పేరు పెట్టలేదు కానీ అది లిమిటెడ్ ఎడిషనే. ఇప్పుడు ఆర్డరు వచ్చినప్పుడల్లా కాసిని కాపీలు వేసుకునే వీలు వచ్చాక, చాలా పుస్తకాల్లో ఆ అంకె వేయడం మానేశారు. సేకరించేవాళ్లకు అది నష్టమే.

మన నల్లగొండ జిల్లా మనిషినే తీసుకోండి. వట్టికోట ఆళ్వారుస్వామి నకిరేకల్ ప్రాంతంలో పుట్టారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుపోయి అమ్మారు. 'ప్రజల మనిషి', 'గంగు' నవలలు రాశారు. 1961లో కన్నుమూశారు. అంటే ఆయన సంతకం ఉన్న ప్రతులు అప్పటికి ఎన్ని ఉన్నాయో అన్నే, ఇక కొత్తవి రావు. ఆ కాలం పెద్దల ఇళ్లలో, అటక మీది పెట్టెల్లో ఒకటి రెండు ఉండకపోవు అని నా ఆశ.

ఇక్కడ బజారుకూ నాకూ ఒక పేచీ ఉంది. ఉత్త సంతకం ఉన్న ప్రతికి ధర ఎక్కువ, 'ఫలానా వారికి ప్రేమతో' అని రాసి ఉంటే తక్కువ అంటారు వ్యాపారులు. ఆ ఫలానా వారు పేరున్నవాళ్లయితే మాత్రం లెక్క తారుమారవుతుంది. నన్నడిగితే పేరున్నా లేకున్నా ఆ వాక్యమే అసలు సొత్తు. ఒక బడిపంతులుకో, గ్రంథాలయం నడిపిన కుర్రాడికో రచయిత రాసిచ్చిన రెండు ముక్కల్లో ఆ ఊళ్లో ఎవరెవరు చదివేవాళ్లో తెలుస్తుంది.

అట్ట మీద బాపు సంతకం చూసి మురిసిపోయి ఫోన్ చేసేవాళ్లున్నారు. అది బొమ్మతోపాటు అచ్చయిందండీ! పెన్నుతో పెట్టిన సంతకమా కాదా అని అనుమానం వస్తే భూతద్దం పట్టండి. గీత మీద గీత దాటిన చోట సిరా చిక్కబడి ఉంటే చేతిరాత. అంతా చదునుగా ఒకే తీరుగా ఉంటే అచ్చు.

దొరికినదాన్ని చిరిగిందని సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు ఆ జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. అట్టకు లామినేషన్ అసలే వద్దు. పిన్నులు కొట్టిన పుస్తకమైతే వానాకాలంలో తుప్పు పడుతుంది, చూసుకుంటూ ఉండండి. బీరువాను గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడం ఉంచండి. చెదలు ఎక్కువగా గోడ వెంబడే వస్తాయి. ఎండ తగలనివ్వకండి, మన పాలమూరు ఎండకు సిరా వెలిసిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

కొత్తవాటికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన ఊళ్లలో జరిగే ఆవిష్కరణ సభలకు వెళ్లండి. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనూ రచయితలు కలుస్తారు. ఫోటో ఒక్కటే దిగి వచ్చేయకుండా, పుస్తకం కొని లోపలి టైటిల్ పేజీ మీద సంతకం అడగండి. కింద తేదీతోపాటు ఊరు పేరు కూడా రాయమనండి, అడిగితే కాదనరు.

సెలవు.