కాలువలో డబ్బా కడగొద్దు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పిలిచిన గ్రంథాలయం వారికి, ఎండలో నడిచొచ్చిన పిల్లలకు పేరుపేరునా నమస్కారాలు. నాకు పదిహేను నిమిషాలిచ్చారు.

ఈ రోజు ఫిబ్రవరి 2. 1971లో ఇదే రోజున ఇరాన్‌లోని రామ్‌సర్ అనే ఊళ్లో చిత్తడి నేలల్ని కాపాడుకుందామని కొన్ని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. మన కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. అంతకు ముందే, 1999లో, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం అయింది. 2006లో సరస్సు లోపల వేసిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇదంతా కాగితం మీద రాసుకొచ్చాను. బుడమేరు, తమ్మిలేరు, ఉప్పుటేరు గురించి ఇంకో రెండు పేజీలున్నాయి. కానీ మూడో వరసలో మావాడు కూర్చున్నాడు. వాణ్ణి చూశాక ఈ కాగితం చదవబుద్ధి కావడం లేదు.

మావాడు బాతులు మేపాడు, నేను బడిలో పాఠాలు చెప్పాను. ఇద్దరం ఒకటో తరగతి నుంచి స్నేహితులం. రిటైరయ్యాక రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద కూర్చుంటాం. మాట్లాడుకునేది ఎక్కువగా బాతుల గురించే.

చలికాలం వచ్చే సూదితోక బాతుల మీద మా ఇద్దరికీ పదేళ్లుగా తగువు. ఉత్తరాది చలిదేశాల్లో పుట్టి ఇక్కడికొస్తాయి కదా, వాటి ఊరు ఏది? పుట్టిన చోటే అని నేను. "మేష్టారూ, పుట్టిన చోట గడ్డ కడితే తిండి పెట్టిన ఊరే ఊరు" అని వాడు. ఇంకా తేలలేదు.

నాకు చదువొచ్చు గానీ చూపు నేర్పింది వాడే. ఒక రాత్రి వల దడి దగ్గరికి తీసుకెళ్లి టార్చి నేల మీదకి వంచి పట్టుకున్నాడు. బాతులు వరసగా పడుకున్నాయి. మధ్యలో ఉన్నవి రెండు కళ్లూ మూసుకున్నాయి. చివర ఉన్నది మాత్రం బయటి వైపు కన్ను తెరిచే ఉంచింది. నల్లటి మిరియపు గింజలా మెరుస్తోంది ఆ కన్ను. "ఇది కాపలా. సగం పడుకుంది, సగం లేచే ఉంది" అన్నాడు. తర్వాత ఎప్పుడో చదివాను, అలాంటి బాతుల మెదడు నిజంగానే సగం మేలుకుని ఉంటుందని 1999లో శాస్త్రవేత్తలు పరీక్షించి చెప్పారట. మావాడు వాళ్ల నాన్న దగ్గర ఆ మాట ఎప్పుడో విన్నాడు.

బాతుగుడ్లు కోడి కింద పొదిగేస్తారని మీలో చాలామందికి తెలుసు. కోడిపిల్లకి 21 రోజులు, బాతుపిల్లకి 28. ఆ వారం రోజులూ ఎక్కువ ఓర్చుకుని కూర్చుంటుంది ఆ తల్లి. తీరా పిల్లలు నీళ్లు కనపడగానే దిగిపోతాయి. ఇది గట్టు మీద అటూ ఇటూ పరుగులు పెడుతుంది, రెక్కలు కొట్టుకుంటుంది. మా అబ్బాయి విమానం ఎక్కిన రోజు దాని సంగతి తలచుకున్నాను. మావాడు ఒప్పుకోడు. "నాలుగు రోజులు పోతే అది గట్టు మీద పురుగులు ఏరుకుంటూనే చూస్తుంది, పొద్దుగూకితే పిల్లలొస్తాయి" అంటాడు. వాడి పిల్లలు ఊళ్లోనే ఉన్నారు మరి.

అసలు మాటకి వస్తాను. ఒక మార్చి నెల. దాళ్వా, అదే రెండో పంట వరి చేలు, పొట్ట మీదున్నాయి. మందు కొట్టిన వాళ్లెవరో స్ప్రేయర్ డబ్బా కాలువలో కడిగి పోయారు. వాడి బాతులు ఆ నీళ్లలోనే దిగాయి. సాయంత్రానికి మెడలు నిలబెట్టలేకపోయాయి. తెల్లారేసరికి నూట నలభై పోయాయి. బాతు తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది. చచ్చిన వాటి పక్కనే ఇంకా వెచ్చగా ఉన్న గుడ్లు కొన్ని. మావాడు వాటిని ఏరి బుట్టలో పెట్టాడు. ఎందుకు ఏరుతున్నావురా అని అడగలేకపోయాను. సాయంత్రం గొయ్యి తీసి అన్నీ పూడ్చాడు, గుడ్లతో సహా. అమ్మితే ఎవరు తింటారో అని.

ఒక బాతుని సంచిలో వేసుకుని ఇద్దరం ఒక ఆఫీసుకి వెళ్లాం. పరీక్ష చేసే ఆయన లేరు, రేపు రమ్మన్నారు. మార్చి ఎండ. సంచిలో బాతు. రేపటికి అందులో ఏం మిగులుతుందండీ? మావాడు ఒక్క మాట అనలేదు. బస్సు కూడా ఎక్కనన్నాడు, ఎనిమిది కిలోమీటర్లు ఆ సంచి పట్టుకునే నడిచాడు.

రైతులు చాలామంది ఉన్నారిక్కడ. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు, మా ఇంట్లోనూ సేద్యమే. చేతులు జోడించి అడుగుతున్నాను. డబ్బా కాలువలో కడగొద్దు. చెరువులో కడగొద్దు. కడిగిన నీళ్లు మళ్లీ మీ చేను మీదే పిచికారీ చేసెయ్యండి. మందు సీసా గట్టు మీద పారెయ్యొద్దు. ఆ కాలువ నీళ్లు కొల్లేటికే పోతాయి. మావాడి బాతూ, చలిదేశం నుంచి వచ్చిన బాతూ ఆ నీళ్లే తాగుతాయి. అమ్మా, వెనక వరస ఆడపడుచులూ, ఇంటికెళ్లి మీవాళ్లకి మీరే చెప్పండి. నేను చెబితే మేష్టారి పాఠం అనుకుంటారు.

ఉప్పుటేరు సంగతి ఇంకోసారి చెబుతాను. మావాడు లేచి నిలబడ్డాడు. ఇప్పుడు వాడికి పదమూడు బాతులే మిగిలాయి. పొద్దుగూకక ముందే దడిలోకి తోలాలి. టార్చి నా సంచిలో ఉంది, నేనూ వెళ్లాలి.