కుర్చీ అద్దె ఎంత? జూబ్లీహిల్స్ ఎందుకు ఓడిపోయిందో, కోఠీ ఎందుకు గెలిచిందో చెబుతాను

మిత్రులారా, నమస్కారం. ఈరోజు డొంకతిరుగుడు లేకుండా మొదలుపెడతాను, నచ్చనివారు కింద ఎంతైనా తిట్టుకోవచ్చు. హైదరాబాదులో కళకు, సాహిత్యానికి, తీరికగా కూర్చుని మాట్లాడుకోవడానికి అసలైన పేట జూబ్లీహిల్స్ కాదు, గచ్చిబౌలి అంతకన్నా కాదు. అబిడ్స్‌లో మొదలై మొజంజాహీ మార్కెట్ మీదుగా కోఠీ, సుల్తాన్‌బజార్ దాకా సాగే ఆ ఇరుకు దారులు, ఆ హారన్ల మోత, ఆ పాత గోడలే ఈ నగరపు కళాపేట. దీనికి పోటీ రాగల పేట ఈ ఊళ్లో మరొకటి లేదని నా వాదన.

గొడవ మీకు తెలిసినదే. నెలకొకసారి ఎవరో ఒకరు నగరంలో తప్పక చూడవలసిన పది అడ్డాలంటూ ఒక రీల్ పెడతారు, ఆ పదింటిలో తొమ్మిది కాఫీ షాపులే ఉంటాయి, వెంటనే బెంగళూరు నుంచి, చెన్నై నుంచి కొందరు దిగి మీ ఊళ్లో బిర్యానీ తప్ప ఏముందని వెక్కిరిస్తారు, మనవాళ్లు చార్మినార్ బొమ్మ పెట్టి పౌరుషం ప్రకటిస్తారు. ఇరుపక్షాలూ అసలు ప్రశ్న అడగడం లేదన్నదే నా కోపం. ఒక పేటలో సంస్కృతి ఉందో లేదో తేల్చడానికి గోడ మీది బొమ్మలు, వేలాడే దీపాలు, గుమ్మం ముందు పూలకుండీలు లెక్కపెట్టనక్కరలేదు. ఒక మనిషి తన జేబులో ఉన్న చిల్లరతో అక్కడ ఎంతసేపు కూర్చోగలడు, ఎవరైనా వచ్చి లేవమంటారా లేదా అన్నది చూస్తే చాలు. దీనికి నేను కుర్చీ అద్దె సిద్ధాంతం అని పేరు పెట్టుకున్నాను. కుర్చీ అద్దె పెరిగినచోట కవిత్వం నిలవదు, ఫొటోలే నిలుస్తాయి.

ఆదివారం ఉదయం అబిడ్స్ వెళ్లి చూడండి. వారమంతా బట్టల దుకాణాలతో, చెప్పుల దుకాణాలతో ఊపిరాడని ఆ వీధిలో షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందున్న ఫుట్‌పాత్ మీద టార్పాలిన్లు పరుచుకుంటాయి, వాటి మీద పుస్తకాలు పోగులు పడతాయి. ఈ ఆదివారపు పుస్తక సంత ఏ మంత్రిగారో రిబ్బను కత్తిరించి ప్రారంభించినది కాదు. దుకాణాలకు సెలవు గనుక అరుగు ఖాళీగా ఉంది, అరుగు ఖాళీగా ఉంది గనుక పుస్తకం వచ్చి కూర్చుంది. ఇంజనీరింగు గైడ్ల కింద రష్యన్ నవల తెలుగు అనువాదం, దాని కింద ఎవరో పెళ్లికి కానుకగా ఇస్తూ మొదటి పేజీలో నీలి సిరాతో నాలుగు వాక్యాలు రాసిన కథల సంపుటి, ఆ పక్కనే మూతబడిన ఏదో గ్రంథాలయపు గుండ్రటి ముద్రతో వ్యాకరణం. మీరు ఒక పుస్తకాన్ని ఆత్రంగా లాగితే ధర పెరుగుతుంది, పక్క పుస్తకం చూస్తున్నట్టు నటిస్తే తగ్గుతుంది. అమ్మేవాడికి తెలుగు చదవడం రాకపోవచ్చు, కొనేవాడి ముఖం చదవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. గంటసేపు మోకాళ్ల మీద కూర్చుని చదివి, ఏమీ కొనకుండా లేచిపోయినా ఆయన మిమ్మల్ని ఏమీ అనడు. మాల్‌లో ఉన్న పుస్తకాల దుకాణంలో ఇదే పని చేసి చూడండి, సాయం కావాలా సార్ అంటూ ఒకరు మీ వెన్నంటే తిరుగుతారు.

అన్నట్టు, ఆ అబిడ్స్ పేరు కూడా ఒక వ్యాపారిదే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ అక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. అదే అబిడ్స్‌లో ఒకప్పుడు ఓరియంట్ హోటల్ ఉండేది, మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులకు అది అడ్డా. ఆ హోటలు ఇప్పుడు లేదు. ఈ నగరం ఒక్కొక్క ఇరానీ హోటలును పోగొట్టుకున్నప్పుడల్లా మనం టీ రుచి గురించి బాధపడ్డాం గాని కుర్చీ గురించి ఎవరూ బాధపడలేదు. ఇరానీ చాయ్ చేసే తీరులోనే తొందర లేదు. డికాక్షన్ మూతపెట్టిన గిన్నెలో ఒక పక్క సన్నని సెగ మీద మగ్గుతుంది, పాలు మరో పక్క చిక్కబడే దాకా మరుగుతాయి, కప్పులో రెండూ కలిసేది మీరు అడిగిన తరువాతనే. పాలరాతి పలక వేసిన బల్ల, దాని మీద వన్ బై టూ చాయ్, ఒక సాసర్‌లో ఉస్మానియా బిస్కట్లు, చుట్టూ నలుగురు మనుషులు, సాయంత్రం గడిచిపోతుంది. పాతిక రూపాయలకు అటూ ఇటూ అయ్యే ఆ చాయ్‌లో టీ ఖరీదు కొంతే, మిగిలినదంతా కుర్చీ అద్దె. జూబ్లీహిల్స్ కొండ మీది కాఫీ షాపులో మూడు వందలు పెట్టి కొన్న కప్పు ఖాళీ కాగానే వచ్చి ఇంకేమైనా తీసుకుంటారా అని మర్యాదగా అడుగుతారు చూడండి, ఆ మర్యాదకు అర్థం లేవమనే.

ఇప్పుడు నా సిద్ధాంతానికి అసలు బలం చరిత్రలో ఉంది. సుల్తాన్‌బజార్ ఒకప్పటి రెసిడెన్సీ బజారు. నిజాం కొలువులో బ్రిటిష్ వారి ప్రతినిధి, అంటే రెసిడెంట్, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్ది ఆరంభంలో కట్టించిన రెసిడెన్సీ భవనం, అంటే మనం కోఠీ ఉమెన్స్ కాలేజీ అని పిలుచుకునే చోటు, దాని చుట్టూ పెరిగిన బజారు ఇది. 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రెసిడెంట్ అధికారమే. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని 1920లలో గస్తీ నిషాన్ 53 అనే ఆజ్ఞ కూడా వచ్చింది, దాని బాధ ఎంతటిదో ఆనాటి ఆంధ్రోద్యమ చరిత్ర చదివినవారికి తెలుసు. నలుగురు కూర్చుంటేనే అనుమానంగా చూసే రాజ్యంలో, అంతగా అడ్డుచెప్పేవారు లేని ఒక చిన్న బజారు మిగిలింది. తెలుగువారి తొలి అడ్డా ఆ చుట్టుపక్కలనే పుట్టడం కాకతాళీయం అంటే నేను నమ్మను. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటివారు పూనుకుని 1901లో రంగారావుగారి ఇంట్లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని మొదలుపెట్టారు. ఆనాడు అది పుస్తకాల బీరువాలతో పాటు తెలుగువాడు నిర్భయంగా కూర్చోగలిగిన ఒక గది కూడా.

ఇరవై ఏళ్ల తరువాత, 1921 నవంబరులో, అక్కడికి దగ్గరలోనే వివేకవర్ధని థియేటర్‌లో కార్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవారిని విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసింది. తెలుగువారు లేచి వెళ్లి అదే రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమై ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. పెద్ద హాలులో చోటు దొరకని భాష ఒక ఇంటి ముందుగదిలో చాప మీద కూర్చుని ఉద్యమమైంది. చెప్పండి, ఇంతకన్నా నా సిద్ధాంతానికి సాక్ష్యం ఏం కావాలి? ఈ కథ తెలంగాణలో చదువుకున్న ప్రతి పోటీ పరీక్షల విద్యార్థికీ కంఠస్థమే. మార్కుల కోసం బట్టీపట్టినవారిలో ఎందరు ఆ వీధిలో నడిచారో నాకు అనుమానమే.

నడిచి చూస్తే ఆశ్చర్యపోతారు. తిలక్ రోడ్డులో 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు, అక్కడ సాయంత్రాల్లో పుస్తకావిష్కరణలు, సాహిత్య ప్రసంగాలు. జాంబాగ్ వైపు 1907 నాటి వివేకవర్ధని విద్యాసంస్థ, దానితో ముడిపడిన మరాఠీ జీవితం. కాచిగూడలో కన్నడం వారి నృపతుంగ బడి, అక్కడే తెలుగు పాఠకులకు పుట్టింటిలాంటి నవోదయ పుస్తకాల దుకాణం. హిమాయత్‌నగర్‌లో ఉర్దూ హాలు. మూసీ ఒడ్డుకు వెళితే 1891లో ఆసఫియాగా మొదలైన కేంద్ర గ్రంథాలయం. నాలుగు భాషలు నడక దూరంలో కాపురముంటున్న పేటను వదిలేసి, ఒకే రకం గోడలు, ఒకే రకం పాటలు, ఒకే రకం చీజ్ కేక్ ఉన్న పది గదులను కళాపేట అంటున్న రీల్ చూస్తే నాకు ఒళ్లు మండదా?

మొజంజాహీ మార్కెట్ సంగతి చెప్పకుండా పోలేను. 1935లో నగరాభివృద్ధి సంస్థ గ్రానైటు రాయితో కట్టించిన ఆ మార్కెట్‌కు ఏడో నిజాం రెండో కుమారుడి పేరు పెట్టారు. ఏళ్లతరబడి తార్పాలిన్ల కింద, బోర్డుల వెనుక దాగిపోయి ఉన్నదాన్ని మరమ్మతు చేసి 2020లో మళ్లీ తెరిచారు. గడియార స్తంభం, కమానులు ఇప్పుడు నిజంగా చూడముచ్చటగా ఉన్నాయి, ఆ పని చేసినవారికి చేతులెత్తి మొక్కుతాను. మరమ్మతు తరువాత ఆ ప్రాంగణంలో ముషాయిరాలు, ఖవాలీలు, దాస్తాన్‌గోయి అనే ఉర్దూ కథాకథనం కూడా జరిగాయి. అయితే జనం ఆ ప్రాంగణానికి తరతరాలుగా వస్తున్నది ఐస్‌క్రీం కోసం. చుట్టూ ఉప్పు కలిపిన మంచు వేసి, చేత్తో తిప్పి తీసిన సీతాఫలం ఐస్‌క్రీం ఒక గిన్నెలో పెట్టి ఇస్తారు, పండు తునకలు పంటికి తగులుతాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఎనభై ఏళ్లు దాటిన రాతి కట్టడం, పక్కన అత్తరు దుకాణం. దీపాలు ఎన్నైనా పెట్టండి, ఆ కుర్చీలను మాత్రం తీయకండి.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు, బంజారాహిల్స్‌లో లామకాన్ లేదా అని. ఉంది. 2010 నుంచి నాటకాలు, సంగీతం, సినిమాలు, వాదోపవాదాలు అక్కడ జరుగుతూనే ఉన్నాయి, నేను కాదనను. కాని అది నా సిద్ధాంతాన్ని పడగొట్టలేదు, నిలబెట్టింది. ఛాయాచిత్రకారుడు మొయీద్ హసన్ నివసించిన ఇంటిని అందరికీ తెరిచి పెట్టారు, చెట్టు కింద చవకగా చాయ్, సమోసా దొరుకుతాయి, ఎవరూ లేవమనరు. కొండ మీద కూడా కుర్చీ అద్దె తగ్గిస్తే కళ పుడుతుందన్నమాట. మిగిలినవారు అద్దె తగ్గించలేదు గనుక వారి గోడల మీద బొమ్మలే మిగిలాయి.

ఒక్క విషయంలో మాత్రం జూబ్లీహిల్స్‌కు మార్కులు వేయక తప్పదు. ఇరానీ హోటల్ వైభవం గురించి కన్నీళ్లు పెట్టుకునే మగవారు, అక్కడ మన అమ్మలు, అక్కలు ఎందుకు కూర్చోలేదో చెప్పరు. ఫ్యామిలీ రూమ్ అని బోర్డు పెట్టి, ఒక తెర కట్టి, ఆ తెర వెనుక ఆడవారిని కూర్చోబెట్టడాన్నే మన పెద్దలు మర్యాద అనుకున్నారు. ఒక అమ్మాయి ఒంటరిగా లాప్‌టాప్ తెరుచుకుని రెండు గంటలు కూర్చోగలిగినది కొత్త కాఫీ షాపులోనే, అందుకు ఆమె మూడు వందలు కట్టింది. ఆమెకు పాతిక రూపాయల కుర్చీ ఇవ్వలేని కోఠీది ఆ మేరకు ముమ్మాటికీ తప్పే. అందుకని ఆ మూడు వందల ధరే న్యాయమని ఒప్పుకోమంటారా? ఒప్పుకోను. తెర తీసేయమంటాను.

పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపితే కుటుంబాలు కుటుంబాలుగా జనం వచ్చి రోడ్డు మీదనే చతికిలబడ్డారు. అబిడ్స్ పుస్తక సంత దగ్గర ఆదివారం పూట బండ్ల పార్కింగు ఆపి, నీడకు నాలుగు పందిళ్లు వేసి, తాగడానికి నీళ్లు, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి పెట్టమని అడుగుతున్నాను. కళాపేట పేరుతో కొత్తగా కోట్లు పెట్టి గేటు కట్టి టికెట్టు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి ఆ గేటు మాత్రం ఇక్కడ కట్టకండి.

2020 నుంచి సుల్తాన్‌బజార్‌కు మెట్రో స్టేషను ఉంది గనుక పార్కింగు లేదన్న సాకు ఇక చెల్లదు. ఈ ఆదివారం పొద్దున్నే దిగి అబిడ్స్ దాకా నడిచి వెళ్లండి, ఎండ ముదిరితే మార్కెట్‌లో ఐస్‌క్రీం తినండి. ఆ తరువాత మీ ఊళ్లో, అది విజయవాడ కావచ్చు, వరంగల్ కావచ్చు, విశాఖ కావచ్చు, అతి తక్కువ డబ్బుతో అతి ఎక్కువసేపు కూర్చోనిచ్చిన చోటు ఏదో, అక్కడ ఆడవారు కూడా కూర్చోగలరో లేదో కింద రాయండి. వచ్చే వీడియో వాటి మీదనే చేస్తాను, కాఫీ షాపుల జాబితా పంపినవారి పేర్లు మాత్రం చదవను.