ఇరవై తొమ్మిది తర్వాత ఇరవై పది

నేను: అందరికీ నమస్కారం. ఇవాళ మన స్టూడియో మా వంటింటి పక్క గది. మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తే ఏమీ అనుకోకండి. నా ఎదురుగా మా పిన్ని కూర్చుంది. గోదావరి పల్లెలో ఒక ప్రభుత్వ బడిలో 28 ఏళ్లు ఒకటి, రెండు తరగతులకి చెప్పి రిటైరైంది. మైకు ముందు "మీరు" అందామని పొద్దున్నుంచీ ప్రాక్టీసు చేశా. నోరు తిరగట్లేదు పిన్నీ.

పిన్ని: "మీరు" అన్నావంటే లేచి వెళ్ళిపోతా. విషయానికి రా.

నేను: విషయం మావాడి వర్క్‌షీట్. ఒకటో తరగతి. "1, 2, 4, తర్వాత ఏమిటి?" అని ఇచ్చారు. వీడు 7 వేశాడు. ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ కొట్టి పక్కన 8 అని రాసి పంపారు. నేనూ వాణ్ణి కేకలేశా, ఇంత చిన్నది రాలేదేంట్రా అని.

పిన్ని: 7 ఎలా వచ్చిందని అడిగావా?

నేను: అప్పుడు అడగలేదు. రాత్రి పడుకునేటప్పుడు వాడే చెప్పాడు. "ఒకటికి ఒకటి కలిపా, రెండు. దానికి రెండు కలిపా, నాలుగు. దానికి మూడు కలపాలి కదమ్మా?" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

పిన్ని: పట్టదు మరి! వాడిది రైటే. రెట్టింపు చేసుకుంటూ పోతే 8 కూడా రైటే. మూడు అంకెలు ఇచ్చి నాలుగోది ఒక్కటే ఉంటుందనుకోవడం పేపరు దిద్దేవాళ్ళ సౌకర్యం. నేను కూడా మొదటి నాలుగైదేళ్లు అలాగే ఇంటూలు కొట్టాను, దాచడం ఎందుకు. తర్వాత అలవాటు మార్చుకున్నా. జవాబు తప్పనిపించినా ముందు "ఎలా వచ్చింది నాన్నా?" అని అడిగేదాన్ని. సగం తప్పులు అక్కడే మాయమైపోయేవి.

నేను: మరి చిన్నపిల్లలకి ఈ వరసలు ఎక్కడ మొదలుపెట్టాలి? అంకెలతోనేనా?

పిన్ని: అంకెలు తర్వాత. ముందు గాజులు. ఎర్ర గాజు, పచ్చ గాజు, పచ్చ గాజు. మళ్ళీ ఎర్ర, పచ్చ, పచ్చ. తర్వాతేది పెడతావని అడిగితే అందరూ పెట్టేస్తారు. ఎందుకంటే వెనక్కి చూసి కాపీ కొట్టొచ్చు. అసలు పరీక్ష వేరే ఉంది. పుల్ల ఇచ్చి, "మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్క ఎక్కడితో అయిపోతుందో అక్కడ పెట్టు" అనాలి. అప్పుడు తెలుస్తుంది. చాలామంది ఎర్రకీ పచ్చకీ మధ్య పెడతారు, రంగు మారింది కదా అని. మూడు గాజులూ కలిసి ఒక ముక్క అని పట్టుకున్న పిల్లకి చెప్పు, "ఇదే చప్పట్లతో చెయ్యి" అని. చప్పట్టు, చిటిక, చిటిక. గాజులు లేకుండా చేసిందంటే ఆ పిల్లకి వచ్చినట్టే.

నేను: మావాడికి చిటికె వెయ్యడం రాదు.

పిన్ని: తొడ మీద కొట్టుకోమను. దానికేం భాగ్యం!

నేను: అంకెల దగ్గరికొస్తే, వాడు ఇంట్లో తెలుగులో లెక్కపెడుతూ "ఇరవై తొమ్మిది, ఇరవై పది, ఇరవై పదకొండు" అంటాడు. మేమంతా నవ్వుతాం.

పిన్ని: నవ్వకండి, వాడు సరిగ్గానే వెళ్తున్నాడు. చూడు, పదకొండు నుంచి పంతొమ్మిది దాకా మన మాటలు కాస్త వంకర. పన్నెండులో రెండు వెంటనే వినపడదు, పంతొమ్మిదిలో పది నలిగిపోయింది. ఇరవై దాటాక అంతా తిన్నగా ఉంటుంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు. వాడు ఆ తీరు పట్టుకుని, ఆగకుండా ముందుకి పోయాడు. "ఇరవై పది అంటే రెండు పదులు, ఇంకో పది. మొత్తం ఎన్ని పదులు?" అని అడుగు. మూడు అంటాడు. "దానికి వేరే పేరుంది, ముప్పై" అని చెప్పు. నేను పుల్లల కట్టలు కట్టించేదాన్ని. పది పుల్లలవగానే రబ్బరు బ్యాండు. కట్ట కట్టినప్పుడల్లా పేరు మారుతుంది.

నేను: ఎక్కాల సంగతేంటి? బట్టీ వద్దని అందరూ అంటున్నారు.

పిన్ని: అందరూ అననీ. నేను బట్టీ పట్టించాను, దాని మానాన అది ఉండాలి. కానీ తొమ్మిదో ఎక్కం దగ్గర మేం చేసిన దొంగపని గుర్తుందా? జవాబుల చోట పై నుంచి కిందికి 0, 1, 2 అని 9 దాకా, మళ్ళీ కింద నుంచి పైకి వాటి పక్కనే 0, 1, 2 అని 9 దాకా. 09, 18, 27... ఎక్కం రానివాడు కూడా నిమిషంలో రాసేస్తాడు.

నేను: నేనూ చేశా! టీచరు పలక లాక్కుంది.

పిన్ని: నేనైతే బోర్డు మీద రాయించేదాన్ని. "ఎందుకు పనిచేస్తోందిరా ఇది?" అని అడిగితే ఒకసారి ఒక కుర్రాడు అన్నాడు, "పది కలిపి ఒకటి తీసేస్తున్నాం టీచర్, అందుకే ముందుది పెరుగుద్ది, వెనకది తగ్గుద్ది." రెండో తరగతి వాడు! ఇంకేం చెప్పను నేను?

నేను: ముగ్గుల గురించి ఫోన్లో ఏదో అన్నావు.

పిన్ని: ఆ, సంక్రాంతి సెలవుల ముందు బడి వరండాలో సుద్దముక్కతో పెట్టించేదాన్ని. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. అంటే మధ్య వరసలో ఏడు, పైనా కిందా సందుల్లో ఆరు, తర్వాత ఐదు, తర్వాత నాలుగు. కలిపే ముందు చుక్కలెన్ని అని అడగాలి. మొదట వేలు పెట్టి లెక్కపెడతారు, మధ్యలో తప్పిపోతారు, మళ్ళీ మొదలు. రెండుసార్లు తప్పనివ్వాలి. విసుగొచ్చాక ఎవరో ఒకరు పై నాలుగుని కింది ఆరుతో కలుపుతారు. పది! ఐదూ ఐదూ పది. పై ఆరూ కింది నాలుగూ పది. మధ్యలో ఏడు మిగిలింది. 37.

నేను: అదే ఎదురు చుక్కయితే?

పిన్ని: ఏడు, ఐదు, మూడు, ఒకటి. వరసకి రెండేసి తగ్గుతాయి. అన్నీ బేసి. పై నుంచి మధ్య వరస దాకా కలిపితే 16, అంటే నాలుగు నాలుగులు. చింతగింజలతో పలక మీద చదరాలు పేర్పించాను. ఒక గింజ చుట్టూ మూడు పెడితే చదరం, దాని చుట్టూ ఐదు పెడితే ఇంకా పెద్ద చదరం. పేర్చిన పిల్లలకి సూత్రం చెప్పాల్సిన పనిలేదు, పెద్ద క్లాసులో వాళ్ళే గుర్తుపడతారు.

నేను: పిల్లల్ని బోల్తా కొట్టించే వరస ఒకటి చెప్పు.

పిన్ని: మెట్లు. ఒక్కో మెట్టు ఎక్కొచ్చు, లేదా రెండేసి ఎక్కొచ్చు. రెండు మెట్లకి 2 రకాలు. మూడు మెట్లకి 3 రకాలు. నాలుగు మెట్లకి?

నేను: నాలుగు.

పిన్ని: అందరూ అదే అంటారు. ఎక్కి చూడు, 5 వస్తాయి. ఐదు మెట్లకి 8. ముందున్న రెండూ కలుపుకుంటూ పోతుంది. ఇది కందపద్యం రాసేవాళ్ళకి తెలిసిందే, పొట్టి అక్షరం లఘువు ఒక మాత్ర, పొడుగు అక్షరం గురువు రెండు మాత్రలు, ఒక్కో మెట్టూ రెండేసి మెట్లూ లాగే. నాలుగు మాత్రల గణాలు, అంటే అక్షరాల గుంపులు, ఎన్ని? గగ, భ, జ, స, నల. ఐదే కదా.

నేను: పదో తరగతిలో బట్టీ పట్టాను. మెట్లని ఎవరూ చెప్పలేదు.

పిన్ని: ఆరేళ్ల వాడికి గణాలు చెప్పకు మళ్ళీ! మెట్లెక్కించు చాలు. రెండేసి ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకో.

నేను: అదిగో, తలుపు సందులోంచి చూస్తున్నాడు. రా నాన్నా, అమ్మమ్మని ఏమైనా అడుగుతావా?

చిన్నోడు: అమ్మమ్మా, అష్టాచెమ్మాలో నాకు ఐదు ఎప్పుడూ పడట్లేదు. ఐదు పడితే పండేది నిన్న.

నేను: పడుతుందిలే, ఇంకా బాగా కలిపి వెయ్యి...

పిన్ని: నువ్వుండవే. గవ్వలు ఎన్ని నాన్నా?

చిన్నోడు: నాలుగు.

పిన్ని: నాలుగూ వెల్లకిలా పడితే?

చిన్నోడు: చెమ్మా. నాలుగు.

పిన్ని: నాలుగూ బోర్లా పడితే?

చిన్నోడు: అష్టా. ఎనిమిది. ...మరి ఐదు ఎలా పడాలి?

పిన్ని: గవ్వలు పట్టుకురా. ఒసేయ్, ఆ మైకు ఆపు, కుక్కర్ కూడా.