కర్లింగ్ రాడ్ పక్కన పెట్టండి: విక్టరీ రోల్ తడి జుట్టు సొత్తు

నమస్కారం. ముందరి జుట్టును గొట్టంలా చుట్టి నెత్తిమీద నిలిపే 1940ల నాటి విక్టరీ రోల్స్‌కు కర్లింగ్ రాడ్ అక్కరలేదని గత వీడియోలో నేను అన్నందుకు చాలామంది అభ్యంతరం చెప్పారు. రాడ్ లేనిదే పిన్-అప్ చిత్రాల్లోని, అంటే ఆనాటి సైనికులు గోడలకు తగిలించుకున్న తారల ఫొటోల్లోని, ఆ నునుపు రాదని, అయిదు నిమిషాల్లో తేలిపోయే పనికి రాత్రంతా తలనిండా పిన్నులతో పడుకోమనడం చాదస్తమని రాశారు. ఈ రోజు ఇంకో మెట్టు పైకెక్కి చెబుతున్నాను: మీ రోల్స్ మధ్యాహ్నానికే జారిపోతున్నాయంటే అందుకు కారణం ఆ రాడ్డే.

ఒకసారి 1943కు వెళ్దాం. అమెరికా యుద్ధ కర్మాగారాల్లో ఆడవాళ్లు లక్షల సంఖ్యలో పనిచేస్తున్న కాలమది. ఒక కన్ను మీదుగా జుట్టు జారవిడుచుకునే సినీతార వెరోనికా లేక్‌ను చూసి కార్మికురాళ్లు కూడా అలాగే విరబోసుకుంటూ ఉంటే, ఆ జుట్టు యంత్రాల్లో చిక్కుకుంటుందన్న భయంతో, ముస్తాబు మార్చుకోమని ప్రభుత్వమే ఆమెను కోరింది. అదే ఏడాది సైనికుల గోడలకెక్కిన సినీతార బెట్టీ గ్రేబుల్ ఫొటోలో కూడా జుట్టంతా నెత్తిమీదికే చేరి ఉంటుంది. అందుకే నేను గట్టిగా నమ్ముతాను: పిన్-అప్ శిరోజాలంకరణను తీర్చిదిద్దింది సినిమా స్టూడియో కన్నా కర్మాగారమే. షిఫ్టు ముగిసేదాకా చెదరకూడదన్న అవసరంలోనే దాని అందమంతా ఉంది.

మనం ఇప్పుడు ధారాళంగా కొట్టుకునే స్ప్రే డబ్బాలు 1940ల చివరికి గాని అంగళ్లకు రాలేదు. వేడి పరికరాలు లేవనుకోకండి; పారిస్‌లో మార్సెల్ గ్రాటో వేడి పటకారుతో జుట్టులో అలలు తీర్చడం 1872లోనే మొదలుపెట్టాడు. అయినా సాధారణ గృహిణి ఇంట్లో నమ్ముకున్నది తడి పాయనూ పిన్నులనూ మాత్రమే. తడిసినప్పుడు వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు సడలుతాయి. ఆరేటప్పుడు, మీరు ఏ ఆకారంలో చుట్టి ఉంచారో ఆ ఆకారంలోనే మళ్లీ బిగుస్తాయి. రాడ్డు ఆ పనికి కొన్ని క్షణాలే ఇస్తుంది, పిన్ను మాత్రం రాత్రంతా ఇస్తుంది.

ఇక చేతిపనికి వద్దాం. ముందుగా తలంటుకుని నూనె జిడ్డు పూర్తిగా వదిలించుకోండి, ఎందుకంటే మనకు అలవాటైన కొబ్బరినూనె మీద ఏ పిన్నూ నిలవదు. రెండు చెంచాల అవిసె గింజలను రెండు కప్పుల నీళ్లలో మరిగించి, గుడ్డులోని తెల్లసొన లాగా తీగ సాగగానే, వేడిగా ఉండగానే పలుచని గుడ్డలో వడగట్టండి. చల్లారితే ఆ జిగురు గుడ్డ దాటి రాదు. జుట్టు కొద్దిగా చెమ్మగా ఉండగా అంగుళం వెడల్పు పాయ తీసి, ఆ జిగురు రాసి దువ్వి, కొస నుంచి మాడు దాకా వేలికి చుట్టండి. వేలు తీసేశాక ఆ చుట్ట రూపాయి బిళ్లలా మాడుకు ఆనుకుని ఉండాలి. దాని మీద రెండు సైడు పిన్నులను అడ్డంగా, నిలువుగా గుచ్చండి. పిన్నులో వంకీలున్న వైపు మాడుకు తగలాలి. ఇది తిరగేసి పెట్టేవాళ్లే ఎక్కువ, తర్వాత పిన్ను జారిందని బాధపడేదీ వాళ్లే!

నూలు గుడ్డ చుట్టుకుని పడుకోండి. ఉదయం ఒక్క చుట్ట లోపల చెమ్మ మిగిలినా విప్పకండి. విప్పిన తర్వాత తల గొర్రెపిల్లలా కనిపిస్తుంది. అక్కడే అందరూ బెదిరిపోయి రాడ్డు అందుకుంటారు. బెదరకుండా, చిన్న చిన్న ఉంగరాలన్నీ కలిసి ఒకే పెద్ద అలగా మారేదాకా బ్రష్‌తో దువ్వుతూనే ఉండండి. ముందరి పాయ కుదుళ్లను లోపలివైపు ఎదురు దువ్వి, పైభాగం నునుపు చేసి, కొస నుంచి రెండు వేళ్ల చుట్టూ గొట్టంలా చుట్టుకుంటూ మాడు దాకా తెచ్చి, పిన్నును గొట్టం లోపలి నుంచే గుచ్చండి. బయటికి ఒక్క పిన్ను కూడా కనిపించకూడదు.

నడుము దాకా జడ ఉన్నవారు నిరాశపడకండి. ఆనాటి కత్తిరింపు భుజాలు దాటేది కాదు కనుక, ముందరి రెండు పాయలకే రోల్స్ వేసి, మిగతాది కొప్పు చుట్టుకోండి.

నన్ను నమ్మని వారు ఒక పక్క రాడ్డుతో, మరో పక్క తడి పాయతో ఇదే రోల్ వేసుకుని, సాయంత్రం ఆరు గంటలకు రెండు పక్కలూ కనిపించేలా ఫొటో తీసి పంపండి. వచ్చిన ప్రతి ఫొటోనూ వచ్చే వీడియోలో చూపిస్తాను.